తొలి ముద్ద సత్యదేవుడి కొండ మీదే

అన్నవరం వెళ్ళొచ్చి ఇవాళ్టికి నాలుగు రోజులైంది. వంటింటి గట్టు మీద మా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె కడిగి బోర్లించి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా గొంతు పూడుకుపోతోంది. ఇల్లూ పనీ మళ్ళీ నన్ను పూర్తిగా లాగేసుకోకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను.

మా పాప 31 వారాలకే పుట్టింది. బరువు 1,450 గ్రాములు. పుట్టగానే పిల్లల ఐసీయూలో పెట్టారు. ముక్కులోంచి లోపలికి సన్నటి గొట్టం, దాని పై కొసకి సిరంజి. రెండు గంటలకోసారి రెండు మిల్లీలీటర్ల పాలు, నేను పిండి ఇచ్చినవే, చుక్కచుక్కగా దిగేవి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదరాలంటే సుమారు 34 వారాలు నిండాలని డాక్టరుగారు చెప్పారు. అంతకుముందే నోటితో పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. మనం ఆలోచించకుండా గుటక వేస్తాం. నా బిడ్డకి ఆ గుటకే రాలేదు.

మూడు వారాలయ్యాక ఒక రోజు నర్సమ్మ "పాలాడైతో ప్రయత్నిద్దాం" అంది. అదేమిటో తెలియక చూస్తుంటే ముక్కు ఉన్న చిన్న స్టీలు గిన్నె తీసింది. ఉగ్గుగిన్నె! మా అమ్మమ్మ బీరువాలో పట్టుగుడ్డలో చుట్టి దాచింది అచ్చం అలాంటిదే, వెండిది. మా అమ్మా, నేనూ, తమ్ముడూ అందరం దాంతో తాగినవాళ్ళమే. ఆ రోజు మాత్రం మొదటి రెండు చుక్కలకే పాపకి పొలమారింది. పెదాలు నీలం తిరిగాయి. నర్సమ్మ వెంటనే పక్కకి తిప్పి సర్దేసింది, కంగారు పడొద్దు, రేపు మళ్ళీ చూద్దామంది. నేను బయట అద్దం తలుపు పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు మొక్కుకున్నాను. "సత్యనారాయణ స్వామీ, నా బిడ్డ మింగితే చాలు. తొలి ముద్ద నీ కొండ మీదే పెడతాను, నీ వ్రతం చేసుకుంటాను."

మర్నాడు మూడు చుక్కలు మింగింది. ఆ పై వారం గొట్టం తీసేశారు.

మొక్కు తీర్చుకోవడానికి ఇన్నాళ్ళు పట్టడానికి కారణం ఉంది. ఆడపిల్లకి ఐదో నెల ఐదో రోజు అన్నప్రాసన చేయాలని మా వైపు పట్టుదల. ఐదో నెల వచ్చేసరికి ఫోన్లు మొదలయ్యాయి. డాక్టరుగారు మాత్రం నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ ఒక్కటే చూసి మొదలుపెట్టకూడదు, అసలు పుట్టాల్సిన తేదీ నుంచి కూడా లెక్క వేసి చూడాలన్నారు. దాంతో పాటు మెడ నిలవాలి, ఆనిస్తే కూర్చోవాలి, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోసేయడం తగ్గాలి. అప్పటిదాకా పాలూ, ఐరన్ చుక్కలూ చాలన్నారు. "పిల్ల బక్కచిక్కిపోతోంది, కాస్త ఉగ్గయినా పెట్టవేం" అన్న మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఒక్కో రోజు ఏడ్చేదాన్ని. కానీ ఆ నీలం పెదాలు నేను చూశాను, వాళ్ళు చూడలేదు.

కార్తీకం వచ్చేసరికి పాపకి తొమ్మిదో నెల. పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కిస్తే ఆరు నెలలు. మెడ గట్టిపడింది. మా పళ్ళెంలోకి చెయ్యి చాచి మా నోటివంకే చూడటం మొదలుపెట్టింది. ఆడపిల్లకి బేసి నెల కాబట్టి తొమ్మిదో నెల మంచిదేనని మా అత్తయ్య కూడా సంతోషించారు. డాక్టరుగారి లెక్కా పంచాంగం లెక్కా ఒకే చోట కలిశాయి. అది స్వామి పెట్టిన ముహూర్తమేనని నా నమ్మకం.

చీకటితో రాజమండ్రిలో బయల్దేరాం. మా ఆయన, అత్తయ్య, మేనమామ హోదాలో మా తమ్ముడు, ఒళ్ళో పాప. సంచిలో ఉగ్గుగిన్నె, ఇంట్లో మెత్తగా ఉడికించిన పాయసం. కత్తిపూడి దాటాక రత్నగిరి కనబడగానే అందరం చేతులు జోడించాం. కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర దిగి కర్పూరం వెలిగించి, మళ్ళీ కారెక్కి పైకి వెళ్ళాం.

కార్తీకంలో అన్నవరం ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. ఆదివారం కాదు కదా అనుకున్నాం కానీ ఇసుక వేస్తే రాలనంత జనం. వ్రతం కోసం వేచి ఉన్న వరసలో వెనకవాళ్ళ మోచేతులు నా వీపులో, ముందువాళ్ళ సంచులు పాప మొహం మీద. "చంటిపిల్ల ఉంది, కాస్త జరగండి" అంటే వినేవాళ్ళు లేరు. దేవుడి దగ్గరికి వచ్చి పక్కవాళ్ళని తోసేస్తే ఏం పుణ్యం వస్తుందో నాకు అర్థం కాదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పాల వేళ దాటిపోయింది. పాలిస్తే కడుపు నిండి తొలి ముద్ద తినదేమో అని నేను ఆపుతున్నాను. నాకూ ఏడుపొస్తోంది.

అప్పుడే గుండు మీద పసుపు రాసుకున్న ఒక పెద్దావిడ మా ముందు వరసలోంచి వెనక్కి తిరిగింది. తుని అవతల పల్లె అట వాళ్ళది. "ఎందుకమ్మా ఏడిపిస్తున్నావు పిల్లని?" అంది. విషయం చెప్పాను. "ఆకలి మీద ఉన్న పిల్ల కొత్త రుచి చూడదు తల్లీ. అది చిరాకులో ఉమ్మేస్తది. ముందు కాసిని పాలియ్యి, ఊరుకున్నాక అన్నం పెట్టు." కూడా ఉన్న కోడల్ని, మనవరాలిని పిలిచి, గోడ పక్కన నన్ను కూర్చోబెట్టి, ముగ్గురూ అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ తన పైట కొంగు విప్పి తెరలా పట్టుకుంది. పావుగంట అలా పట్టుకునే ఉంది, చెయ్యి నొప్పెడితే మరో చేత్తో. వరస ముందుకు కదిలిపోయింది. వాళ్ళ స్థానం పోతుందని నేను కంగారు పడుతుంటే "స్వామి ఎక్కడికి పోతాడమ్మా" అంది.

పాప సగం కడుపు తాగి, వదిలేసి, ఆవిడ పసుపు గుండు చూసి నవ్వింది.

వ్రతంలో ఐదు కథలూ శ్రద్ధగా విన్నాను, కానీ మనసంతా ఆ పాయసం మీదే. తేనె సంగతి ముందే పంతులుగారికి చెప్పాను. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిములు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయి. ఆయన విసుక్కుంటారేమోనని భయపడ్డాను. "నెయ్యి చాలమ్మా, స్వామికి బిడ్డ క్షేమమే కావాలి" అన్నారు. ఆ మాటకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను.

పాపని నా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకున్నాను. ఉగ్గుగిన్నెలో పాయసం. మా తమ్ముడు బంగారు ఉంగరం కొస పాయసంలో ముంచి పాప పెదాలకి తాకించాడు. మొహం ముడుచుకుంది. నాలుక బయటికొచ్చి, పెట్టిందంతా గడ్డం మీదికి తోసేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు కానీ నా చేతులు చల్లబడ్డాయి. దగ్గూ శబ్దమూ వస్తే భయం లేదు, అది గొంతు తన్ను తాను కాపాడుకోవడం, చప్పుడు లేకుండా ఊపిరాడకపోతేనే ప్రమాదమని డాక్టరుగారు చెప్పింది మనసులో జపంలా అనుకుంటున్నాను.

రెండోసారి నేనే చిన్న వెండి చెంచాతో పెట్టాను, చెంచా కొసన బియ్యపు గింజంత. నోట్లోకి తోయలేదు, పెదవి దగ్గర ఆపి ఊరుకున్నాను. పాప చెంచా వంక చూసింది. నా వంక చూసింది. తనే ముందుకి వంగి పెదవులతో అందుకుంది. నాలుక లోపల అటూ ఇటూ తిరిగింది. గడ్డం కింద చర్మం సన్నగా కదిలింది, ఒక్క గుటక. ఆ గొంతు వంక నేను అద్దంలోంచి ఎన్ని రాత్రులు చూశానో! మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

నాకు మంత్రాలేవీ వినబడలేదు. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వెక్కివెక్కి ఏడుస్తున్నారు. అద్దం తలుపు దగ్గర ఒక్క రోజు కూడా ఏడవని మనిషి.

దర్శనం మళ్ళీ తోపులాటే. గుడి కింది అంతస్తులో పూజలందుకునే స్వామి యంత్రానికి దణ్ణం పెట్టుకుని పై అంతస్తుకి చేరేసరికి నిలబడనిచ్చింది కొన్ని క్షణాలే. ఆ మీసాలు, ఆ నిలువెత్తు అలంకారం, ఒక పక్క అనంతలక్ష్మీ సత్యవతీ అమ్మవారు, మరో పక్క శివయ్య. పాపని రెండు చేతుల మీదా ఎత్తి చూపించాను. "ఇదిగో స్వామీ, మింగింది" అన్నాను. ఇంకేమీ అడగాలని తోచలేదు. పాప హారతి వెలుగు వంక చూస్తూ పెదాలు చప్పరించుకుంటోంది. వెనకనుంచి తోపు. బయటపడ్డాం. ఆ పెద్దావిడ కోసం ప్రసాదాల దగ్గర చాలాసేపు వెతికాను, కనబడలేదు. పేరయినా అడగలేదే అన్న బాధ నాకు అలాగే ఉండిపోయింది.

విస్తరాకులో ప్రసాదం తింటుండగా మా అత్తయ్య "అన్నం పట్టేసింది కదా, ఇక పాలు మెల్లగా మానిపించేయి, నీ ఒంట్లో ఏముందని" అన్నారు. ప్రేమతోనే అన్నారు. వాళ్ళ కాలంలో వేపాకు నూరి రాసి మానిపించేవారట. నేను చెప్పాను, "అత్తయ్యా, అన్నం వచ్చింది పాల పక్కన కూర్చోవడానికి. ఏడాది దాకా పాలే ముఖ్యమన్నారు, రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వొచ్చన్నారు." ఆవిడ కాసేపు ఆలోచించి, "నీ మొగుడు మూడేళ్ళు తాగాడులే" అన్నారు. తిరుగు ప్రయాణంలో పాప నా దగ్గర పాలు తాగుతూ నిద్రపోయింది. నోటి దగ్గర నెయ్యీ బెల్లం వాసన.

ఇంటికొచ్చాక రోజుకి ఒక్కపూటే పెడుతున్నాను, పాలు తాగిన గంటకి. బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, చెంచా వంచినా జారిపోనంత చిక్కగా మెదిపి, ఒక చుక్క నెయ్యి. ఉప్పు లేదు, బెల్లం కూడా ఆ కొండ మీదే ఆఖరు. రెండు చెంచాలు తింటే అందులో సగం చొక్కా మీదే. ఒక్కోటి మూడు రోజులు చూసి, పడితే తర్వాతది. రేపటి నుంచి మెదిపిన గుమ్మడికాయ.

పొద్దున చెంచా చూడగానే తనే నోరు తెరిచింది. వీడియో కాల్ చేసి అమ్మమ్మకి చూపించాను. గిన్నె జాగ్రత్తగా తెచ్చి ఇచ్చేస్తానన్నాను. అమ్మమ్మ చాలాసేపు పాపనే చూసి, "నాకెందుకే, దానికే ఉంచెయ్" అంది.