చెవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి

ఊర్లో ఎవరు ఎదురుపడినా ఒకటే అడుగుతున్నారు, "పాము కరిస్తే తెలీలేదా?" అని. తెలీలేదు. నాగుపాము కరిస్తే మంట పుడుతుంది, వాస్తుంది. రక్తపింజర అయితే ఆ నొప్పికి మనిషి కేకలు పెడతాడు, ఒంట్లో రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. నన్ను కరిచిన కట్లపాము అలా కాదు. దోమ కుట్టినంత కూడా అనిపించకపోవచ్చు. వాపు ఉండదు, గాటు వెతికినా దొరకదు.

మాది నరసన్నపేట వైపు, వంశధార కాలవ కింద పల్లం. ఉడుపుల రోజులు. పగలంతా పొలంలో నడుం వంచి, రాత్రి కరెంటు పోయిందని సావిట్లో చాప వేసుకుని పడుకున్నాను. తెల్లవారుజామున కడుపులో ఒకటే మెలిపెట్టడం, వాంతులు. "రాత్రి చేపల పులుసు పడనేదేటో" అంది అమ్మ. తెల్లారేసరికి రెప్పలు బరువెక్కాయి. మాట ముద్దగా వస్తోంది. మంచినీళ్ళు తాగబోతే ముక్కులోంచి వచ్చేశాయి.

దగ్గర్లోని ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాయన వాలిపోయిన నా కళ్ళు చూసి "రాత్రి ఎంత తాగావ్?" అన్నాడు. నేను జన్మలో మందు ముట్టలేదు. ఆ మాట చెప్దామంటే నాలుక తిరగదు. గ్యాస్‌కి సూది వేసి పంపేశాడు. వానాకాలం, నేల మీద పడక, తెల్లారుజామున కడుపునొప్పి, వాలిన రెప్పలు. మా జిల్లాలో ఉద్యోగం చేసేవాడికి ఇవన్నీ కలిసి కనపడితే ముందు కట్లపాము గుర్తుకు రావాలా, సారా గుర్తుకు రావాలా?

నన్ను బతికించింది మొదట మా బావ. ఇంటికి తెచ్చాక పక్కింటివాళ్ళు "పసరు పోయించండి, మంత్రం వేయించండి" అంటుంటే, ఆయన మాట్లాడకుండా సావిట్లో బస్తాలన్నీ కదిపి చూశాడు. గోడవారన ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి మీద సన్నటి తెల్లచారలు జంటజంటలుగా. కర్ర తెస్తామన్నవాళ్ళని కేకలేసి ఆపి, దూరం నుంచే ఫోన్లో ఫొటో తీసి 108కి ఫోన్ చేశాడు. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఇవేవీ చేయనివ్వలేదు. నన్ను నడవనివ్వలేదు కూడా. వాంతి గొంతుకి అడ్డం పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. చేతి ఉంగరం తీసేశాడు.

పెద్దాసుపత్రిలో విషం విరుగుడు సూదులు, నోట్లో గొట్టం, వెంటిలేటర్. అదంతా గబగబా జరిగిపోయింది. నేను చెప్పాలనుకున్నది ఆ రాత్రి గురించి.

రెప్పలు లేవవు. వేలు కదలదు. ఊపిరి కూడా నాది కాదు, మిషనుది. కానీ అన్నీ వినపడుతున్నాయి. మిషను బీప్, పక్క మంచం మీది ముసలాయన మూలుగు, చెప్పుల చప్పుడు. ఎవరో నా రెప్ప ఎత్తి లైటు వేశారు. "కనుపాప కదలట్లేదు. ఇంక లేనట్టే. వాళ్ళ మనుషులకి చెప్పి ఇంటికి తీసుకెళ్ళిపోమనండి, బెడ్ కావాలి" అన్నారు. అరుద్దామంటే గొంతు లేదు. కన్నీళ్ళు కారినట్టు గుర్తు, ఎవరూ చూడలేదేమో. బయట మా ఆవిడ గొంతు వినపడింది: "గుండె కొట్టుకుంతంది కదేటి! గొట్టం పీకనివ్వను."

తర్వాత ఒక నర్సమ్మ నా చెవి దగ్గరకి వంగింది. "బాబూ, నా మాట వినపడితే కాలి బొటనవేలు కదపండి" అంది. ఉన్న శక్తంతా ఆ వేలికి పంపాను. కాస్త కదిలిందట. "వింటున్నాడు, వింటున్నాడు" అని ఆమె పరిగెత్తిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తల్లి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

పొద్దున వచ్చిన పెద్ద డాక్టరు గారు మావాళ్ళకి విడమరిచి చెప్పారు. ఈ విషం కొట్టేది మెదడుని కాదు, నరం కండరాన్ని కలిసే చోటుని. కనుపాప కూడా దానివల్లే బిగుసుకుపోతుంది. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దేశంలో వాడేది ఒకటే విరుగుడు, కాబట్టి పాముని చంపి తేనక్కర్లేదు. కట్లపాము విషం ఒకసారి నరం చివరలు పాడుచేశాక సూది దాన్ని వెనక్కి తేలేదు. అవి మళ్ళీ పెరిగేదాకా వెంటిలేటరే మందు. అందుకే ఆలస్యం చేయకూడదు, ఆశా వదలకూడదు. ఆ విరుగుడు తయారీకి కావాల్సిన విషంలో చాలా భాగం తమిళనాడులో పాములు పట్టే ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుందని తర్వాత తెలిసింది. పాములు పట్టేవాళ్ళని చులకనగా చూసేవాళ్ళు అది తెలుసుకోవాలి.

ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు చారలున్న ప్రతి పాము మీదికీ కర్రెత్తుతున్నారు. విషం లేని పాములకీ చారలుంటాయి. వాటిలో ఒకదానికి మెడ దగ్గర్నుంచే చారలు గట్టిగా మొదలై తోకకి పోయేకొద్దీ పలచబడతాయి. కట్లపాముకి మెడ దగ్గర ఉండీ లేనట్టుండి, వెనక్కి పోయేకొద్దీ తేటగా కనపడతాయి. చీకట్లో ఈ తేడా ఎవడు చూస్తాడు? దూరం జరగండి, అంతే. మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకోండి, రాత్రి లేస్తే టార్చి వేయండి.

నన్ను తాగుబోతు అన్నాయన మీద కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు. అమ్మ మాత్రం ఇదంతా అరసవల్లి స్వామి దయ అంటుంది, మొక్కు తీర్చింది కూడా. వచ్చే నాగుల చవితికి పుట్టలో పాలు పోయడానికి నన్నూ రమ్మంటోంది. వస్తానన్నాను. కాకపోతే సావిడి గోడకి ఆనించిన పిడకల గుట్టా, కట్టెల మోపూ ముందు తీయించాను. వాటి కింద ఎన్ని ఎలుక బొరియలో! పాము ఊరికే వస్తుందా మరి.