బ్రీదర్ గొట్టం

ఈ ఉదయం ఆరున్నరకు కాలువ గట్టు మీద నడక ముగించుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నానో లేదో, అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేశాడు. వాళ్లకక్కడ ఇంకా నిన్నటి సాయంత్రమే. మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనుక తగిలించి లాక్కుపోతున్న చిన్న కారు కింద మళ్లీ ఎర్రటి గేర్‌బాక్సు నూనె మరక కనిపించిందట. ఇది నాలుగోసారి. గేర్‌బాక్సు నుంచి చక్రాలకు పోయే ఇరుసు (డ్రైవ్ షాఫ్ట్) దగ్గర నూనె కారకుండా పట్టే రబ్బరు వలయాన్ని, అంటే ఆయిల్ సీల్‌ను, అక్కడి షెడ్డువాళ్లు ఇప్పటికి రెండుసార్లు మార్చి, రెండుసార్లూ డబ్బు పుచ్చుకున్నారు.

ముప్పయ్యేళ్లు లారీ షెడ్డులో పనిచేసిన నాకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులతో పరిచయం తక్కువే. అయినా ఒక ప్రశ్న అడిగాను: ‘‘కారును నువ్వు నడిపిన రోజున కూడా కారుతోందా?’’ ‘‘లేదు నాన్నా, వెనుక కట్టి లాగిన రోజునే’’ అన్నాడు. సీల్ మీద నా అనుమానం అక్కడే సగం పోయింది. చిరిగిన సీలుకు బండిని ఎవరు కదిలిస్తున్నారన్న పట్టింపు ఉండదు కదా.

మధ్యాహ్నం పెరట్లో మోటారు వేయబోతే నీళ్లు ఎక్కలేదు. గొట్టం అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వ్ సరిగ్గా పట్టక, రాత్రి గొట్టంలో నిలిచిన నీరంతా నూతిలోకి జారిపోయింది. ప్రైమింగ్ చేయడానికి చెంబుతో నీళ్లు పోస్తుండగానే కారు సంగతి తట్టింది. ఆ గేర్‌బాక్సులో నూనెను తిప్పే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపి, నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగితే పంపు ఆగిపోయి, ఇంజన్ తిప్పుడును నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోని నూనె మెల్లగా కింది ఛాంబర్‌లోకి దిగి అక్కడి మట్టాన్ని పెంచుతుంది. చక్రాలతోపాటు తిరిగే లోపలి పళ్లచక్రాలు ఆ నూనెను, మన రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీటిని చిలికినట్టు, నురగ నురగగా చిలుకుతాయి. ఆ నురగ, లోపలి గాలి పోవడానికి పైన పెట్టిన బ్రీదర్ గొట్టం గుండా బయటపడి, గేర్‌బాక్సు పైతొడుగు (కేసింగ్) మీదుగా జారి, గాలివిసురుకు వెనక్కి పాకి సీల్ దగ్గర చేరితే, చూసినవాడు సీలునే తప్పుపడతాడు.

రాత్రి ఏడింటికి, అంటే వాళ్లకు తెల్లవారాక, మళ్లీ మాట్లాడుకున్నాం. నూనె ఎప్పుడు కొలుస్తున్నావంటే, రోజూ పొద్దున్నే ఇంజన్ వేడెక్కకముందే కొలిచి, కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) మీది గీత కంటే తక్కువ కనిపించినప్పుడల్లా కాస్త పోస్తున్నానన్నాడు. చల్లటి నూనె మట్టం తక్కువే చూపిస్తుంది. వేడెక్కితే అదే నూనె ఉబ్బి గీత దాటుతుంది. కారుతోందని పోయడం, పోసినందువల్ల ఇంకా కారడం! కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు కారును బాగా వేడెక్కేదాకా నడిపించి, ఇంజన్ ఆడుతుండగానే కొలవమన్నాను. గంట తరవాత ఫొటో పంపాడు: డిప్‌స్టిక్ మీద నూనె పై గీతను దాటి రెండు వేళ్ల మందం ఉంది.

ఎక్కువైనది తీయించమన్నాను. అంతకంటే ముఖ్యంగా, ఆ కారును నాలుగు చక్రాల మీద లాగడానికి కంపెనీ అసలు ఒప్పుకుంటుందో లేదో పుస్తకంలో చూడమన్నాను, ఎందుకంటే ఒప్పుకోని కార్లలో నూనె అందక లోపలి బేరింగులు అరిగిపోతాయి, వాటిని ట్రైలర్ మీదకు ఎక్కించి తీసుకుపోవడం మేలు. వాడి కారుకు అనుమతి ఉందట, కాని కొన్ని గంటలకొకసారి ఆపి కాసేపు ఇంజన్ నడపాలని అదే పేజీలో రాసి ఉందట. ఆ పని ఒక్కరోజు కూడా చేయలేదని వాడే ఒప్పుకున్నాడు. రేపు బయలుదేరే ముందు కేసింగ్‌ను శుభ్రంగా తుడిచి, బ్రీదర్ మూతికి, సీల్ చుట్టూ చెరో తెల్లగుడ్డ కట్టమన్నాను. ఏది ఎర్రబడుతుందో ఎల్లుండి పొద్దున చెబుతాడు.