దారం, నట్టు, నా చెయ్యి

అడిగిన ప్రశ్నకు ఊగి అవును, కాదు అని జవాబు చెబుతుందనే లోలకం చేయడానికి కావలసింది ఒక మూరెడు కుట్టు దారం, ఒక ఇనుప నట్టు, తెల్లకాగితం, అంతే. కాగితం మీద గిన్నె బోర్లించి గుండ్రంగా గీశాను. మధ్యలో ప్లస్ గుర్తు వేసి, నిలువు గీత అవును, అడ్డ గీత కాదు అనుకున్నాను. మోచెయ్యి బల్లకు ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం పట్టుకుని, నట్టు గీతలు కలిసే చోట నిలిచేదాకా ఆగి, చెయ్యి కదపకుండా ‘నిలువుగా ఊగు’ అని మనసులో అనుకున్నాను. ముందు కాస్త వణికింది, తర్వాత గీత వెంబడే ఊగడం మొదలుపెట్టింది. కదుపుతున్నది నేనేనని ఏ కోశానా అనిపించలేదు, ఒళ్లు జలదరించింది.

కదిపేది మాత్రం వేళ్లే. 25 సెంటీమీటర్ల దారానికి ఒక ఊపు సుమారు ఒక సెకను, ఆ లయలో మనకు తెలియనంత చిన్న కదలికలు తగిలినా చాలు, ఊపు పెరుగుతూ పోతుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ పాదరసం మీద లోలకం పట్టుకుని దీన్ని పరీక్షించాడు, కళ్లకు గంతలు కట్టుకుంటే మహిమంతా పోయింది. ఆ సంగతి 1833లో భౌతిక శాస్త్రవేత్త ఆంపియర్‌కు రాసిన బహిరంగ లేఖలో చెప్పాడు.

నేనూ చూద్దామని మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద రూపాయి పెట్టమని మా చెల్లికి చెప్పాను. నేను చూస్తుండగా పెడితే లోలకం ప్రతిసారీ సరిగ్గా చూపించింది. నేను పక్క గదిలో ఉన్నప్పుడు పెడితే ఊరికే ఊహించి చెప్పినంతే. మా వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూసేవాళ్లు మోసం చేస్తున్నారని నేననను, వాళ్ల చెయ్యీ వాళ్లకు తెలియకుండానే కదులుతుంది. కానీ ఆ కదలికను నమ్మి అప్పు చేసి బోరు వేయించే రైతును తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

అలాగని లోలకాన్ని పారేయలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ‘మాకు తెలియదు, ఊహిస్తున్నాం’ అన్న ప్రశ్నలకు మనుషులు నోటితో చెప్పిన జవాబులు సగమే సరిపోయాయి, ఓయిజా బోర్డు (అవును, కాదు అని రాసి ఉండే పలక, దాని మీది బిళ్లను కూడా లోలకంలాగే మన వేళ్లే తెలియకుండా కదుపుతాయి) మీద చెయ్యి పెట్టి ఇచ్చినవి మాత్రం 65 శాతం దాకా సరిపోయాయి. అంటే ఎప్పుడో విని మరిచిపోయామనుకున్నది చేతిలోకి వస్తోందన్నమాట. నాకు ఇది చాలా పెద్ద విషయం.

అందుకే ట్రాన్స్‌ఫర్ తీసుకోవాలా వద్దా అని నెలల తరబడి టెన్షన్ పడుతున్న ప్రశ్న ఒక రాత్రి లోలకాన్నే అడిగాను. అడ్డంగా ఊగింది. చూడగానే గుండెలో బరువు దిగినట్టయింది, జీతం పెరుగుతుందని అందరికీ చెబుతూ వచ్చినా వెళ్లడం నాకు ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. మర్నాడు ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి లెక్కలు, అమ్మ ఆరోగ్యం, పిల్లల స్కూలు అన్నీ మాట్లాడుకున్నాకే ఆఫీసులో వద్దని చెప్పాను.