మెడ మీద బిళ్ల, ఆరు నెలల మాత్రలు

నిరుడు వేసవిలో జడ వేసుకుంటుంటే ఎడమ చెవి కింద, మెడ పక్కన ఏదో వేళ్లకి తగిలింది. బఠాణీ గింజంత. నొక్కితే నొప్పి లేదు, కాస్త అటూ ఇటూ జరుగుతోంది. అమ్మకి చూపిస్తే, "తలలో ఏ కురుపో లేచి ఉంటుంది, బిళ్ల కట్టింది. అదే కరుగుతుందిలే" అంది.

అమ్మ మాట తీసిపారేసేది కాదు. చిన్నప్పుడు కాలికి మేకు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కట్టేది, చేతికి సెగ్గెడ్డ లేస్తే చంకలో కట్టేది. దెబ్బ ఒకచోట తగిలితే వాపు ఇంకోచోట ఎందుకొస్తుందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నెల తిరిగేసరికి అది చింతగింజంత అయింది, పక్కన ఇంకోటి తోడైంది. మా వీధి చివర క్లినిక్‌కి వెళితే ఐదు రోజులకి యాంటీబయాటిక్స్ రాశారు. తగ్గలేదంటే మందు మార్చి ఇంకో ఏడు రోజులకి రాశారు. రెండుసార్లూ మెడ మీద చెయ్యి వేసి చూసింది లేదు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, నాలుగు కిలోలు తగ్గడం, ఇవన్నీ ఖమ్మం ఎండల ఖాతాలో వేసేశాను.

జూన్ చివర్లో ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ మెడ రెండు పక్కలా తడిమి, చంకలు చూసి, గజ్జల్లో కూడా ఉన్నాయా అని అడిగారు. గజ్జల్లో ఎందుకండీ అన్నాను. ఓపీ చీటీ వెనక పెన్నుతో ఒక మనిషి బొమ్మ గీసి చెప్పారు.

రక్తనాళాల్లోంచి బయటికి ఊరే నీరంతా మళ్లీ రక్తంలోకి వెళ్లదట. మిగిలిపోయింది వేరే సన్నటి నాళాల్లో చేరుతుంది. దాన్నే శోషరసం అంటారు, డాక్టర్లు లింఫ్ అంటారు. రోజుకి రెండు మూడు లీటర్లు అలా ప్రయాణం చేసి, చాలావరకు ఎడమ కాలర్ ఎముక వెనక ఉన్న పెద్ద సిరలో కలుస్తుంది. దాన్ని తోయడానికి గుండెలాంటిది ఏదీ లేదు. మనం నడిచినప్పుడు కండరాలు పిండుతాయి, ఊపిరి తీసినప్పుడు లాగుతుంది. దారి పొడవునా చిక్కుడు గింజల్లా వందల గ్రంథులు ఉంటాయి, మెడలోనైతే మరీ ఎక్కువ. ఒంట్లోకి ఏ క్రిమి దూరినా దాని ముక్కని కొన్ని కణాలు మోసుకొచ్చి అక్కడున్న తెల్లరక్త కణాలకి చూపిస్తాయి. దాన్ని గుర్తుపట్టిన కణం ఒకటి వేలుగా పెరుగుతుంది. ఆ సందడికే గ్రంథి వాస్తుంది. పాదంలో దిగిన మేకుకి గజ్జల్లో బిళ్ల కట్టింది అందుకన్నమాట.

"మామూలుగా రెండు మూడు వారాల్లో పని ముగించుకుని తగ్గిపోవాలి. నీది రెండు నెలలైంది. సూది పరీక్ష చేద్దాం," అన్నారు.

ఆ సూది పరీక్ష పేరు ఎఫ్ఎన్ఏసీ. మత్తు ఇవ్వకుండా సన్నటి సూదితో గడ్డలోంచి కాస్త తీస్తారు. చీమ కుట్టినట్టు ఉంటుందన్నారు గానీ గండుచీమ. రిపోర్టుకి మూడు రోజులు. ఆ మూడు రోజులూ నేను చేసిన తప్పు, ఫోన్‌లో మెడ గడ్డల గురించి వెతకడం. ప్రతి పేజీ చివర క్యాన్సరే. అన్నం సహించలేదు.

టీబీ అని వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాయనమ్మ మాత్రం, "గండమాలా? దానికా ఇంత గోల?" అంది. మెడ గడ్డల టీబీకి పాత పేరట, నేను వినడం అదే మొదటిసారి.

దగ్గు లేకుండా టీబీ ఏంటండీ అని అడిగాను. ఊపిరితిత్తులకే కాదు, గ్రంథులకీ వస్తుందన్నారు డాక్టరమ్మ. ఆ క్రిమిని మింగి చంపాల్సిన కణాలు మింగుతాయి గానీ చంపలేకపోతాయట, వాటి పొట్టలోనే అది బతుకుతుంది. అప్పుడు ఒళ్లు ఇంకో ఉపాయం చేస్తుంది. చుట్టూ కణాలతో గోడ కట్టి దాన్ని అందులోనే బంధిస్తుంది. గోడ లోపల కుళ్లి జున్నులా తయారవుతుంది. నా రిపోర్టులో ఉన్నది ఆ జున్నే. ఆ తర్వాత మా అత్త జున్ను పంపితే ముట్టలేదు.

క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ పరీక్షలో అది మామూలు మందులకి లొంగే రకమేనని తేలింది. ఛాతీ ఎక్స్‌రే, షుగర్, హెచ్ఐవీ, లివర్ పరీక్షలు చేసి, టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేసి, బ్యాంకు ఖాతా నంబర్ తీసుకున్నారు. తిండికని నెలకి ₹1,000 వేస్తారు. మందులు ఉచితం. నా బరువు 48 కిలోలు, రోజుకి మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి.

మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగేది. చూపు మసకబారినా, ఎరుపూ పచ్చా తేడా తెలియకపోయినా వెంటనే రమ్మన్నారు. నేను రోజూ పొద్దున కిటికీలోంచి ట్రాఫిక్ లైటు చూసి పరీక్షించుకునేదాన్ని. వాంతి వచ్చినట్టు ఉండటం మాత్రం మూడు వారాలు నిజంగా నరకం.

అమ్మ మొదటి రోజే నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. నేనేమీ అనలేదు. ఇంటికొచ్చిన ఆశా అక్క అది చూసి, "ఊపిరితిత్తులు బాగున్నాయి పిన్నీ, మెడలో ఉన్నది దగ్గితే తుమ్మితే రాదు. కంచంతో అసలే రాదు" అంది. ఇంట్లో అందరికీ దగ్గు, జ్వరం అడిగి పరీక్షకి రాసింది. మర్నాడు నా కంచం తిరిగి అందరి కంచాల్లో కలిసింది.

అసలు కష్టం మూడో నెలలో. బరువు పెరిగింది, జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది. సరిగ్గా అప్పుడు బిళ్ల ఉసిరికాయంత అయి ఎర్రబడింది. మందు పనిచేయడం లేదని నాకు ఖాయమైపోయింది. రెండు రోజులు మాత్రలు వేసుకోలేదు కూడా. పక్కింటావిడ ఇమ్యూనిటీ పెంచుతుందని ఏదో కషాయం పొడి తెచ్చిచ్చింది.

డాక్టరమ్మ మాత్రలు మానినందుకు ముందు తిట్టారు. తర్వాత సూదితో చీము తీసి, మందుకి లొంగని క్రిమి ఏమైనా ఉందేమోనని కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకి, పంపారు. ఫలితానికి ఆరు వారాలు పట్టొచ్చన్నారు. "కొందరికి మధ్యలో ఇలా పెరుగుతుంది. మందుకి క్రిములు చస్తుంటే, ఇన్నాళ్లూ నీరసించిన నీ కణాలు ఇప్పుడు లేచి ఆ శవాల మీద పడుతున్నాయి. అదీ ఈ వాపు. మాత్రలు మాత్రం ఆపకు." అంటే నా మెడలో ఇమ్యూనిటీ తక్కువై కాదు, ఆ నెల ఎక్కువై వాచింది. కషాయం పొడి ఇప్పటికీ అటక మీదే ఉంది.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. అది వచ్చేలోపే వాపు కూడా తగ్గింది.

జనవరిలో చివరి స్ట్రిప్ అయిపోయింది. బిళ్ల పూర్తిగా పోలేదు, పెసరగింజంత గట్టిగా తగులుతోంది. అలా మిగలొచ్చు, పెరిగితే రమ్మన్నారు. జడ వేసుకునేటప్పుడు వేలు దాని మీదికే వెళుతుంది. అమ్మ మాత్రం ఇంటికి ఏ చుట్టం వచ్చినా పలకరిస్తూనే వాళ్ల మెడల వైపు చూస్తోంది.