మా రెయినీ ఊరికి అమ్మతో

"మా రెయినీ అంటే ఎవరి రెయినీరా?" అని అడిగింది అమ్మ, కారు అట్లాంటా దాటగానే. ఆ 'మా' మన 'మా' కాదు, అమ్మ అని అర్థం అన్నాను. ఆవిడ బ్లూస్ అనే నల్లజాతి అమెరికన్ల పాటలు పాడిన గాయని. 1904లో విల్ రెయినీని పెళ్ళి చేసుకున్నాక ఇద్దరూ జంటగా పాడేవాళ్ళు. జనం నోట్లో ఆయన 'పా', ఆవిడ 'మా' అయ్యారు. పుట్టింటి పేరు గెర్‌ట్రూడ్ ప్రిడ్జెట్.

జార్జియాలోని కొలంబస్‌లో ఆవిడ ఉన్న ఇల్లు చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. అట్లాంటా నుంచి 100 మైళ్ళ పైచిలుకు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మకేమో ఇంట్లో తోచడం లేదు. బ్రాడీపేటలో 22 ఏళ్ళు మెస్ నడిపిన మనిషి మరి. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం.

దారిలో 'బో-వీవిల్ బ్లూస్' పెట్టాను. 1923 డిసెంబరులో షికాగోలో పాడిన పాట, ఆవిడ మొదటి రికార్డుల్లో ఒకటి. "పాటేదిరా? తాలింపు చప్పుడే వినబడుతోంది!" అంది అమ్మ. నిజమే. ఆవిడ పాటలు వచ్చిన పారమౌంట్ రికార్డులు తీసింది విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల కంపెనీ వాళ్ళు. నాసిరకం సరుకుతో చౌకగా తీసేవాళ్ళు. పైగా అప్పటికి వాళ్ళ దగ్గర మైకు లేదు, గొట్టంలోకి పాడాలి. 1928 దాకా ఆవిడ పాడినవి దాదాపు 100 పాటలు. మనం వింటున్నవి చాలావరకు జనం వాడి వాడి అరగదీసిన ప్లేట్ల నుంచి ఎత్తినవే. అయినా ఆ చిటపటల వెనక నుంచి బరువైన ఆ గొంతు వస్తూనే ఉంటుంది. పాట పత్తికాయ తొలిచే ముక్కుపురుగు గురించి అని చెప్పగానే అమ్మ సౌండ్ పెంచమంది. పత్తి పండించే ఇంట్లో పుట్టిన మనిషికి పురుగు సంగతి ఇంకొకరు చెప్పాలా!

నాకైతే 'సీ సీ రైడర్' అంటే ప్రాణం. 1924 అక్టోబరులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. కార్నెట్ అనే బాకా వాయించింది తర్వాత జాజ్‌లో మహా పేరు తెచ్చుకున్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అప్పటికి 23 ఏళ్ళవాడు, పియానో మీద ఫ్లెచర్ హెండర్సన్. ఆవిడ ఒక వరస పాడి ఊపిరి తీసుకునే సందులో ఆ కార్నెట్ నెమ్మదిగా బదులు చెబుతుంది. ఎంతటి వాద్యగాడైనా ఆ పాటలో ఆవిడ నడకకే తగ్గి నడిచాడు. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించాను.

కొలంబస్‌లో ముందు స్ప్రింగర్ ఆపెరా హౌస్ బయటి నుంచి చూశాం. 1900 ప్రాంతంలో, ఇంకా చిన్నపిల్లగా ఉండగా, ఆవిడ మొదటిసారి స్టేజీ ఎక్కింది అక్కడే. తర్వాత ఫిఫ్త్ ఎవెన్యూలో ఆ ఇల్లు. రెండంతస్తుల చెక్క ఇల్లు, ముందు వరండా. పాటల సంపాదనతో వాళ్ళమ్మ కోసం కొన్నది. 2007 నుంచి మ్యూజియం. మెడలో బంగారు నాణేల దండతో ఉన్న ఆవిడ ఫొటో చూసి అమ్మ ఆగిపోయింది. "కాసులపేరురా!" అంది, పక్కింటావిడని గుర్తుపట్టినట్టు.

వరండా ముందు నిలబడి ఆవిడ స్టేజీ మీదికి వచ్చే తీరు అమ్మకి చెప్పాను. 1924లో ఆవిడ బ్యాండును చూసుకున్న థామస్ డోర్సీ చెప్పిన సంగతే ఇది. తెర తీస్తే స్టేజీ మీద మనిషెత్తు గ్రామఫోను పెట్టె. ఒక అమ్మాయి వచ్చి పెద్ద ప్లేటు పెడుతుంది. బ్యాండు మొదలవుతుంది. పెట్టె లోపలి నుంచి పాట. జనం మెడలు సాచి వెతుకుతుంటే తలుపులు తెరుచుకుని, బంగారం తళతళలాడుతూ ఆవిడ దిగి వస్తుంది. ప్లేట్లలో విన్న గొంతు మనిషై ఎదురుగా నిలబడితే ఆ హాలు ఎంత ఊగిపోయి ఉంటుందో!

అమ్మ అంతా విని, "ఇంతమందికి జీతాలెవరిచ్చేవాళ్ళు?" అంది. ఆవిడే. డేరా నాటకాల కంపెనీల్లో ఊరూరా తిరిగి పని నేర్చుకుంది. తర్వాత సొంత బ్యాండు పెట్టుకుంది, బస్సు కొనుక్కుంది. వాద్యగాళ్ళకి డబ్బు సరిగ్గా ఇచ్చే మనిషని పేరు. "ఆ పేరు నిలుపుకోవడమే కష్టం" అంది అమ్మ. మెస్సులో వంటవాళ్ళకి ఒకటో తారీఖు దాటనిచ్చేది కాదు తను. 1928లో పారమౌంట్ వాళ్ళు పాత పద్ధతి పాటలని ఆవిడని వదిలేశారు. నాకు ఇప్పటికీ కోపమే. 1935లో ఈ ఊరికి తిరిగొచ్చాక థియేటర్లు నడిపింది.

చివరికి పోర్టర్‌డేల్ శ్మశానానికి వెళ్ళాం. 1939 డిసెంబరు 22న గుండెజబ్బుతో పోయింది. మరణ పత్రంలో వృత్తి అన్నచోట 'ఇంటిపని' అని రాశారని అమ్మకి చెప్పాను.

అమ్మ సమాధి దగ్గర చాలాసేపు నిలబడింది. తిరిగి కారెక్కుతూ అడిగింది. "నా వీసా ఫారంలో ఏం రాశావురా?"

హౌస్‌వైఫ్ అని రాశాను.