వేగినట్టు కనిపించే పచ్చి చికెన్

పిల్లలు అడిగిన స్టఫ్డ్ చికెన్ ఆదివారం భోజనానికి చేద్దామని, అమెరికాలో మేముండే ఊరి దుకాణంలో ఫ్రీజర్ ముందు నిలబడి రెండు డబ్బాలను చాలాసేపు తిప్పి చూశాను. కార్డాన్ బ్లూ రకంలో చీజ్‌తోపాటు హామ్, అంటే పందిమాంసం కూడా కూరుతారు కనుక, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్యగారు దాన్ని ముట్టరని తెలిసి పక్కన పెట్టేసి, బ్రకోలీ, చీజ్ కూరినదాన్ని తీసుకున్నాను.

డబ్బా విప్పగానే అత్తయ్యగారు, "ఇది వేగిందే కదమ్మా, వేడి చేస్తే చాలదూ?" అన్నారు. ఆమె అనుమానంలో తప్పేమీ లేదు. పైన అద్దిన బ్రెడ్ పొడి బంగారు రంగులో ఉంది. కానీ ఆ పొడి ఊడిపోకుండా పట్టుకోవడానికి ఫ్యాక్టరీలో పైపైన నూనెలో ముంచి తీస్తారే తప్ప, లోపలి మాంసం పూర్తిగా పచ్చిదే. డబ్బా మీద ఒక మూల "పచ్చిది" అన్న మాట ఉన్నా, వడ్డించిన పళ్లెం బొమ్మ దానికంటే పదింతలు పెద్దదిగా ఉంది! ఇటువంటి చికెన్ తిన్నవారికి 1998 నుంచి 14 సార్లు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల జబ్బులు ప్రబలాయనీ, సుమారు 200 మంది బాధపడ్డారనీ అమెరికా వ్యవసాయ శాఖ 2024లో ప్రకటించింది.

మన కూరల్లో నూనె పైకి తేలడమో, ముక్క మెత్తబడడమో చూసి ఉడికిందని చెప్పేస్తాము. ఇక్కడ ఆ గురుతులేవీ పనికిరావు. మైక్రోవేవ్‌లో ముక్క ఒకచోట పొగలు కక్కుతూ మరొకచోట చల్లగానే ఉండిపోతుంది కనుక దాని జోలికి పోకుండా, ఓవెన్‌ను ముందే వేడి చేసి, ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కలను ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పేర్చాను. డబ్బాలో చెప్పిన సమయం అయ్యాక వంట థర్మామీటర్ సూదిని పక్క నుంచి, మాంసం మందంగా ఉన్నచోట నడిమధ్య వరకు గుచ్చితే, పైకి కరకరలాడుతున్న ముక్క 142 డిగ్రీల ఫారెన్‌హీట్ మాత్రమే చూపించింది. కావలసింది 165, అంటే 74 డిగ్రీల సెల్సియస్. సూదిని సబ్బుతో కడిగి, ట్రేను మళ్లీ లోపల పెట్టి, పది నిమిషాల తరువాత ఒక్క ముక్కతో సరిపెట్టకుండా నాలుగింటినీ గుచ్చి చూశాను. మూడు 165 దాటాయి, లావుపాటిది మరో నాలుగు నిమిషాలు తీసుకుంది. గుచ్చిన చోటల్లా చీజ్ కాస్త కారి ట్రేకు అంటుకుంది, అంతే.

కూరిన చీజ్ నాలుక కాల్చేంత వేడిగా ఉంటుంది కనుక ఐదు నిమిషాలు ఆగి వడ్డించాను. అత్తయ్యగారు మాత్రం తన ముక్కను మధ్యకు విరిచి, మాంసం పీచుపీచుగా విడివడుతోందో లేదో కళ్లతో చూసుకున్నాకనే నోట్లో పెట్టుకున్నారు.