గేర్లు మెత్తగా పడుతున్నాయని మురిసిపోయాను

ఆగస్టు మధ్యాహ్నం. డాలస్‌కి ఉత్తరాన 380 హైవే మీద, వెనక ట్రైలరు, దాని మీద చిన్న ట్రాక్టరు. ఫార్మర్స్‌విల్ దాటాక ఒక చిన్న ఎత్తు ఎక్కాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను గయ్యిమని లేచింది, బండి మాత్రం నాకేం పట్టనట్టు నెమ్మదించింది. అడుగంటిన కూరలో రబ్బరు చెప్పు పడేస్తే ఎలా ఉంటుందో, అలాంటి వాసన వచ్చింది. పక్కకు తీసి ఆపాను. మళ్ళీ బయల్దేరితే మొదటి గేరు బాగుంది, రెండోది బాగుంది. మూడోది పడగానే మళ్ళీ అదే గయ్యి. ట్రైలరు, ట్రాక్టరు తెలిసినవాళ్ళ స్థలంలో వదిలేసి, గేరు లివరు రెండులో పెట్టి, ఊరి దారులు పట్టుకుని, బ్లింకర్లు వేసుకుని ఇల్లు చేరాను. ఇంటి ముందు రివర్స్ వేశాను. ఏమీ లేదు. బ్రేకు మీద కాలు తీస్తే బండి వాలు వైపే జారింది.

బండి 2001 డాడ్జ్ రామ్ 2500, 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజిను, గేర్లు తనంతట తానే మార్చుకునే ఆటోమేటిక్ గేరుబాక్సు. 2 లక్షల 30 వేల మైళ్ళు తిరిగింది. తొమ్మిది వేల డాలర్లకు కొన్నాను. ఐటీ ఉద్యోగం చేసేవాడికి ఇదెందుకంటే, గ్రీన్‌విల్ అవతల నాలుగెకరాలు కొన్నాను కాబట్టి. మనవాళ్ళం ఏ దేశం పోయినా చివరికి భూమి దగ్గరికే వస్తాం కదా. గోంగూర, బెండ, కాస్త సొర. ఆ పొలానికి ట్రాక్టరు, ట్రాక్టరును లాగడానికి ఈ పికప్పు.

గేరుబాక్సు బాగుచేయడానికి ఎంతవుతుందని మూడు షాపులు అడిగాను. ఒకరు 5,200 డాలర్లు అన్నారు, ఒకరు 4,600. మూడోవాడు బండి సంవత్సరం వినగానే నవ్వి, "అమ్మేయండి" అన్నాడు. మా ఆవిడ లెక్క వేసి చెప్పింది: "5,200 పెడితే నలుగురం విజయవాడ వెళ్ళి రావచ్చు." దాంతో ఆ మాట ముగిసింది. నా దగ్గర దానికంటూ ఉన్నది 1,500.

మా మామయ్యకు విజయవాడ ఆటోనగర్లో లారీ గేరుబాక్సుల షెడ్డు ఉంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అక్కడే కిరసనాయిల్లో పళ్ళచక్రాలు కడిగేవాణ్ణి, కడిగినందుకు ఒక సోడా ఇచ్చేవాడు. ఆయన లేలాండ్, టాటా గేరుబాక్సులు కళ్ళు మూసుకుని కట్టగలడు. ఆటోమేటిక్‌ను మాత్రం జన్మలో విప్పలేదు. అయినా ఫోన్ చేశాను. మాకు శనివారం రాత్రి పది, వాళ్ళకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఇడ్లీ తింటూ అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"ఎందుకు కాలిందిరా?"

"పాతది కదా మామయ్యా. ఎండ, బరువు..."

"పాతదైతే అరుగుతుంది. కాలడం వేరు."

ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

ఈ బండిలో ఉన్నది 47ఆర్‌ఈ అనే గేరుబాక్సు. పేరులోనే జాతకం ఉంది: 4 అంటే ముందుకు నాలుగు గేర్లు, 7 దాని బలం తరగతి, ఆర్ అంటే ఇంజిను వెనక చక్రాలను తిప్పే బండి, ఈ అంటే ఎలక్ట్రానిక్ నియంత్రణ. లోపల ఉన్నది మాత్రం పాత క్రైస్లర్ మూడు గేర్ల డబ్బానే. దాని వెనక నాలుగో గేరు కోసం ఓవర్‌డ్రైవ్ యూనిట్ ఒకటి తగిలించారు. ఇందులో క్లచ్ అంటే కాలితో తొక్కేది కాదు, ఆయిలు ప్రెషరుతో ఒకదాన్నొకటి పట్టుకునే ప్లేట్ల దొంతర. సర్వీసు మాన్యువల్లో ఏ గేరుకు ఏ క్లచ్ పట్టుకుంటుందో చెప్పే పట్టిక ఉంటుంది. ఆ పట్టిక ముందు పెట్టుకుని అరగంట కూర్చుంటే రోగం దానంతటదే తేలింది. వెనక క్లచ్ ముందుకు పోయే అన్ని గేర్లలోనూ పనిచేస్తుంది. ముందు క్లచ్ మూడు, నాలుగు, రివర్స్‌లలో మాత్రమే. నాకు ఒకటి, రెండు ఉన్నాయి. మూడు, రివర్స్ పోయాయి. అంటే పోయింది ముందు క్లచ్. బోల్టు ఒక్కటి విప్పకుండా ఇంత తెలిసిపోతే, ఇక నేనే బాగుచేసేస్తానన్న ధైర్యం వచ్చేసింది. ఆ ధైర్యం రెండు వారాలు నిలబడింది.

మా కాలనీ సంఘం రూల్స్ ప్రకారం ఇంటి ముందు బండి రిపేరు చేయకూడదు. కాబట్టి పికప్పును గరాజ్‌లోకి తోయించి, తలుపు మూసి, ఫ్యాను పెట్టుకుని పని. టెక్సస్ ఆగస్టులో మూసిన గరాజ్ అంటే మన ఇటుక బట్టీ. గేరుబాక్సును దించే ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకు తెచ్చాను. ప్రత్యేకమైన పనిముట్లు కొన్ని విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకున్నాను, తిరిగి ఇస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు. దించే పని గురించి పెద్దగా చెప్పను. డ్రైవ్ షాఫ్టు, స్టార్టరు, కూలింగు పైపులు, వైర్లు, టార్క్ కన్వర్టరు (ఇంజిను బలాన్ని ఆయిలు ద్వారా గేరుబాక్సుకు అందించేది) బోల్టులు. పై బోల్టులు రెండే సగం రోజు తిన్నాయి.

గేరుబాక్సు అడుగున ఆయిలు నిలిచే పళ్ళెం, అంటే పాన్ విప్పితే ఎర్రగా ఉండాల్సిన ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది. అడుగున నల్ల బురద. ముందు క్లచ్ డ్రమ్ము తెరిస్తే ప్లేట్ల మీద పూత లేనేలేదు, ఉత్త ఇనుము. మధ్యలో ఉండే స్టీలు ప్లేట్లు నీలంగా మాడిపోయి ఉన్నాయి. వెనక క్లచ్ మాత్రం ఇంకో లక్ష మైళ్ళు తిరిగేలా ఉంది. ఫోటో పంపితే మామయ్య నుంచి మళ్ళీ అదే మెసేజ్: "ఒకటే ఎందుకు కాలింది?" విసుగొచ్చింది. పట్టిక చూడమని రాశాను.

విప్పడంలో మాత్రం ఆయన నేర్పిన అలవాట్లే కాపాడాయి. తీసిన ప్రతి ముక్కా తీసిన వరసలోనే బల్ల మీద ఎడమ నుంచి కుడికి. ఏ వాషరు ఏ వైపు తిరిగి ఉందో ముందు ఫోటో, తర్వాతే చెయ్యి. ఆయిలును ఎప్పుడు ఏ క్లచ్‌కు పంపాలో తేల్చే వాల్వు బాడీ అనేది ఇరుకు దారుల ఊరు. అందులో చిన్న చిన్న స్టీలు గోళీలు ఉంటాయి, ఒక్కటి జారి తప్పు గుంటలో పడినా గేర్లన్నీ తికమకే. అందుకని మాన్యువల్ బొమ్మ ప్రింట్ తీసి, ఏ గోళీ ఎక్కడ నుంచి తీశానో బొమ్మలో ఆ చోటే అంటించాను.

రెండు చోట్ల మాత్రం ఆటోనగర్ పద్ధతి ఇక్కడ చెల్లలేదు. ఆయన కాటన్ వేస్ట్‌తో తుడవమన్నాడు. ఇందులో ఆ నూలు పోగు ఒక్కటి మిగిలినా వాల్వు ఇరుక్కుంటుంది. పోగులు రాలని గుడ్డ, కంప్రెసరు గాలి మాత్రమే. రెండోది, వాషర్లు జారకుండా గ్రీజు రాయమన్నాడు. గ్రీజు ఇందులో సరిగా కరగదు, సన్నని దారులు మూసుకుపోవచ్చు. వాజెలిన్ రాయాలి, అది వేడికి ఆయిల్లో కలిసిపోతుంది. ఇది చెబితే మామయ్య చాలాసేపు నవ్వాడు. "పెదాలకు రాసేది గేరుబాక్సుకా?"

కొత్త ప్లేట్లు, సీళ్ళు, గ్యాస్కెట్లు, ఫిల్టరు అన్నీ ఉన్న కిట్టు 290 డాలర్లు. టార్క్ కన్వర్టరు వెల్డింగు చేసిన డబ్బా, లోపల కడగలేం. కాలిన క్లచ్ పొడి అంతా దానిలోకి చేరి ఉంటుంది కాబట్టి తిరిగి తయారుచేసింది ఇంకోటి కొన్నాను, 420. సొలెనాయిడు, ప్రెషరు సెన్సరు 160. ఇంజిను పక్కన ఉండే చిన్న కూలరు ఒకటి ఉంది, పాత మురికంతా దాచుకునేది అదే. కడిగి వాడదామని మనసు లాగింది, కానీ 130 పోసి కొత్తది కొన్నాను. పిసినారితనం చూపించాల్సిన చోటు అది కాదు.

ఓవర్‌డ్రైవ్ యూనిట్‌లో ఒక స్ప్రింగు ఉంది. దాన్ని దాదాపు 800 పౌండ్ల బలంతో నొక్కి పెట్టి ఉంచారు. ప్రెస్సు లేకుండా దాని క్లిప్పు తీస్తే పళ్ళు రాలడం ఖాయం, పైకప్పుకు బొక్క అదనం. ఒక చిన్న ట్రాన్స్‌మిషన్ షాపు పెద్దాయన దగ్గరికి ఆ యూనిట్ ఒక్కటే మోసుకెళ్ళాను. నా మొహం, చేతులు చూసి, "స్ప్రింగు మీరు తీయలేదుగా?" అన్నాడు ముందుగా. లేదంటే కుర్చీ వేశాడు. గంటలో ప్లేట్లు మార్చి, 120 తీసుకున్నాడు.

కొత్త క్లచ్ ప్లేట్లను బిగించే ముందు ఆయిల్లో నానబెట్టాలి. బియ్యం నానబెట్టినట్టు మా ఆవిడ పాత ప్లాస్టిక్ డబ్బాలో ఒక రాత్రి ఉంచాను. ఆ డబ్బా ఇప్పుడు గరాజ్‌దే. ముందు క్లచ్ కట్టాక డ్రమ్ము దారిలోకి కొంచెం గాలి కొడితే, పిస్టన్ కదిలి 'టక్' మనాలి. నాకు 'స్స్స్' అని మాత్రమే వచ్చింది. మళ్ళీ విప్పితే పిస్టన్ రబ్బరు సీలు అంచు మడతపడి, తెగి ఉంది. కిట్టులో వచ్చిన సీలు అదొక్కటే. ఇంకొకటి తెప్పించడానికి నాలుగు రోజులు. రెండోసారి సన్నని ఫీలర్ గేజి పలకతో అంచుని చుట్టూ మెల్లగా లోపలికి సర్దుతూ, ఊపిరి బిగబట్టి దించాను. గాలి కొట్టాను. టక్. వంటింట్లో ఉన్న మా ఆవిడను పిలిచి మళ్ళీ కొట్టి వినిపించాను. ఆమె సరేనంది, అంతే.

డ్రమ్ములను చుట్టి పట్టుకునే పట్టీలను, అంటే బ్యాండ్లను, 72 ఇంచ్-పౌండ్ల బిగువుకు బిగించి మాన్యువల్ చెప్పిన చుట్లు వెనక్కి తిప్పాను. కన్వర్టరు ఎక్కించేటప్పుడు అది లోపల మూడు మెట్లు దిగాలి, తిప్పుతూ తోస్తే ఒక్కో మెట్టుకూ ఒక్కో 'దబ్' వినిపిస్తుంది. రెండు దబ్బులకే బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. నేను మూడు లెక్కపెట్టుకుని, నమ్మకం లేక స్కేలు పెట్టి కూడా కొలిచాను.

మూడు వారాంతాలు అనుకున్న పని ఏడు వారాలకు చేరింది. అన్నీ బిగించాక చివరికి మిగిలింది ఒక కేబులు. యాక్సిలరేటర్ దగ్గర నుంచి గేరుబాక్సుకు వెళ్ళే సన్నని తీగ. మనం ఎంత తొక్కామో అది గేరుబాక్సుకు చెబుతుంది. ఎక్కువ తొక్కితే లోపల ఆయిలు ప్రెషరు పెరిగి క్లచ్ ప్లేట్లను అంత గట్టిగా పట్టుకుంటుంది. మాన్యువల్ ప్రకారం ఇంజిను మీది లివరు కదిలిన క్షణమే గేరుబాక్సు మీది లివరూ కదలాలి. మా అబ్బాయిని పైన లివరు లాగమని, నేను కింద పడుకుని చూశాను.

"లాగావా?"

"లాగాను డాడీ."

"ఇంకా లాగు."

"లాగుతూనే ఉన్నాను!"

దాదాపు సగం దాకా కదలనేలేదు.

బండి కింద అలాగే పడుకుండిపోయాను. అంతకు ఏడాది ముందు యాక్సిలరేటర్ సెన్సరు పాడైతే నేనే మార్చాను. దాని కోసం ఆ బ్రాకెట్టు విప్పి, కేబులు తీసి, మళ్ళీ తగిలించాను. సర్దాలని నాకు తెలియదు. తగులుకుంది కదా, చాలనుకున్నాను. ఆ తర్వాత గేర్లు వెన్నలా మెత్తగా పడటం మొదలెట్టాయి. పక్కన కూర్చున్నవాళ్ళకు చూపించి మరీ మురిసిపోయాను, చూడండి, పడుతున్నట్టే తెలియడం లేదని. ప్రెషరు లేక, ప్లేట్లు పట్టుకోలేక జారుతూ పడిన మెత్తదనం అది. బరువు లాగుతున్నప్పుడు, ఎండలో, ఏడాది పాటు అలా జారి జారి కాలాయి. ఆ వదులు కేబులుతోనే స్టార్ట్ చేసి ఉంటే, 1,400 డాలర్ల పని మొదటి నెలలోనే మళ్ళీ మాడిపోయేది.

మామయ్యకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఊఁ" అన్నాడు. మళ్ళీ ఇడ్లీ తినడం వినిపించింది.

కేబులు సర్ది, ఏటీఎఫ్+4 అనే గేరుబాక్సు ఆయిలు పోయడం మొదలెట్టాను. పూర్తిగా ఖాళీ అయిన పెట్టెకు పదిహేను క్వార్ట్‌ల దాకా పడుతుంది, కానీ మొదటే అంతా పోయకూడదు. కొంత పోసి, స్టార్ట్ చేసి, మిగతాది కొంచెం కొంచెంగా. ఇక్కడ ఒక విషయం. చాలా బండ్లలో ఆయిలు మట్టం పార్క్‌లో చూస్తారు. ఇందులో పార్క్‌లో ఉన్నప్పుడు కన్వర్టరుకు ఆయిలు వెళ్ళదు, న్యూట్రల్‌లో పెట్టే చూడాలి. పార్క్‌లో చూసి సరిపోయిందనుకుని వెళ్ళినవాళ్ళు సగం ఖాళీ పెట్టెతో రోడ్డెక్కుతారు.

రివర్స్ వేశాను. బండి వెనక్కి దబ్బున తన్నింది. ముందుకు వెళ్ళాను. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, ప్రతిసారీ ఖచ్చితంగా, కాస్త కటువుగా. పక్క సీట్లో మా ఆవిడ ఉలిక్కిపడి, "ఇదేంటి, మునుపటి కంటే పాడైందా?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

జాకీ అద్దె, ఆయిలు, ఒక ఉష్ణోగ్రత మీటరు, చేతి తొడుగులు, వాజెలిన్ కూడా కలుపుకుని మొత్తం ఖర్చు 1,465 తేలింది. పాత కన్వర్టరు వెనక్కి ఇచ్చినందుకు డిపాజిట్ కూడా తిరిగొచ్చింది. కాలిన స్టీలు ప్లేటు ఒకటి మామయ్య అడిగి తెప్పించుకున్నాడు, ఎందుకో చెప్పలేదు. డిసెంబరులో వెళ్ళిన స్నేహితుడి సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య వెళ్ళింది.

పాన్ దగ్గర వారానికి ఒక ఎర్ర బొట్టు ఇంకా కారుతుంది. ఏ మూల బోల్టు దగ్గర నుంచో నాకు తెలుసు. కింద అట్టముక్క వేసి పెట్టాను.